పేరు తెలియని బరువు

అవ్వ పోయిన పదకొండో రోజున, కడపలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, అక్క వచ్చి "నీకు బాధగా లేదేమిరా?" అని అడిగితే, గొంతు దగ్గర ఏదో బిగుసుకున్నట్టుందనీ, పొద్దున తిన్న ఉగ్గాని అరగలేదేమోననీ చెప్పాను. అబద్ధం కాదు; నాకు తెలిసింది అంతే.

సొంత భావాన్ని గుర్తుపట్టలేక, మాటల్లో పెట్టలేకపోవడాన్ని అలెక్సిథీమియా అంటారు. 1970లలో సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు గ్రీకు మాటలు కలిపి పెట్టిన పేరది. జబ్బు కాదు, స్వభావ లక్షణం. దాన్ని కొలిచే 20 వాక్యాల ప్రశ్నావళి, టొరంటో కొలమానంలో 61 మార్కులు గానీ అంతకు మించి గానీ వస్తే ఉన్నట్టు లెక్క. నాకు 67 వచ్చింది. తన మనసు తనకే తెలియనివాణ్ణి దాని గురించే అడిగే పరీక్ష కదా అని నవ్వు కూడా వచ్చింది.

నిన్న అవ్వ వక్కాకు సంచి విప్పితే, సున్నపు డబ్బా మూతకు ఆమె వేలి ముద్ర ఇంకా అంటుకునే ఉంది. అక్కను పిలిచి, చేతులు వణుకుతున్నాయని మాత్రం చెప్పగలిగాను.