కొమ్ము కోనాం, నూట పది కిలోమీటర్లు

మొన్న ఆదివారం తెల్లవారుజామున వంజరం కొందామని చెన్నై కాశిమేడు హార్బర్‌కి వెళ్లి, కొనకుండానే వచ్చాను. వేలం వేసే చోట నేల మీద ఒక కొమ్ము కోనాం చేప పడి ఉంది, మనిషంత పొడుగు. పక్కన నిలబడ్డ కుర్రాడిది శ్రీకాకుళం అట, నేను తెలుగులో పలకరించేసరికి ముఖం వెలిగిపోయింది. "ఇలా చూడన్నా" అని వంగి, వీపు మీది గాడిలో ముడుచుకుని ఉన్న రెక్కని వేలితో పైకి లాగాడు. గొడుగులా విచ్చుకుంది, ముదురు నీలం మీద నల్ల చుక్కలు. ఇక్కడివాళ్లు మయిల్ మీన్ అంటారు, నెమలి చేప. ఇంగ్లీషువాళ్లకి అదే రెక్క తెరచాపలా కనబడి సెయిల్ ఫిష్ అన్నారు. మనవాళ్లు మాత్రం రెక్కని వదిలేసి కొమ్ము చూసి పేరు పెట్టారు, దీని చుట్టమైన మరో కొమ్ము చేప మార్లిన్‌ని కూడా అదే పేరుతో పిలుస్తారు. కొమ్ము నిమిరి చూశాను, గరుకు కాగితమే.

"ఇది గంటకి నూట పది కిలోమీటర్లు పోతుందంట కదా తమ్ముడూ" అన్నాను.

"మా బోటు అందులో పదో వంతు కూడా పోదు, నాకేటి తెలుస్తాది అన్నా" అని నవ్వాడు.

నిజానికి నేనూ ఆ నూట పదిని ఏళ్ల తరబడి నమ్మాను. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా అదే. ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే, ఎప్పుడో అమెరికాలో ఫ్లోరిడా దగ్గర లాంగ్ కీ ఫిషింగ్ క్యాంపులో గేలానికి పడ్డ ఒక చేప మూడు సెకన్లలో వంద గజాల తీగ లాక్కుపోయిందట, దాన్ని గుణిస్తే గంటకి దాదాపు 110 కిలోమీటర్లు వస్తుంది. గుణకారం కరెక్టే, కానీ వాళ్లు కొలిచింది తీగని కదా! చేప గాల్లోకి ఎగిరినా, పక్కకి తిరిగి తీగ నీళ్లలో విల్లులా వంగినా, పడవ కదిలినా తీగ చుట్టిన రీలు తిరుగుతూనే ఉంటుంది. 2016లో శాస్త్రవేత్తలు దీని కండ ఎంత వేగంగా ముడుచుకుంటుందో కొలిచి లెక్క కట్టారు, సెకనుకి పది మీటర్లు కూడా దాటదని తేలింది, అంటే మన సిటీలో స్కూటర్ స్పీడు. అంతకన్నా బాగా ఎక్కువ వేగంతో పోతే నీళ్లలో బుడగలు పుట్టి, పగిలి, రెక్కల్నే దెబ్బ తీస్తాయట.

స్పీడు తగ్గిందని నాకు చేప మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది, ఎందుకంటే దీని అసలు పనితనం మెల్లగా ఉన్నప్పుడే. కవళ్ల (సార్డీన్ చేపల) గుంపు వెనక నింపాదిగా చేరి, రెక్క విప్పి ఒళ్లు ఊగకుండా నిలబెట్టుకుని, ఆ సన్నటి కొమ్ముని గుంపు మధ్యలోకి దూరుస్తుంది. కవళ్లకి తెలియనే తెలియదు. అప్పుడు ఒక్క విసురు, పక్కకి. చాలాసార్లు చేప నోట పడదు కానీ పొలుసులూడి, గాయపడి గుంపు నీరసపడిపోతుంది, కొమ్ము కోనాలు వంతులవారీగా ఒకటి తర్వాత ఒకటి వచ్చి కొడతాయి. పైగా కొన్నిటిది ఎడమవాటం, కొన్నిటిది కుడివాటం! కంటి దగ్గరి ఒక కండ కదలడం మానేసి పొయ్యిలా వేడి పుట్టిస్తుంది, చల్లటి నీళ్లలో కూడా కన్నూ మెదడూ చురుగ్గా ఉండాలని.

సరదా వేటగాళ్లకి మాత్రం దీని గంతులే కావాలి. 1947లో ఈక్వెడార్ దగ్గర పట్టిన 100 కిలోల చేపదే ఇప్పటికీ బరువులో రికార్డు. ఈ మధ్య చాలాచోట్ల పట్టి వదిలేస్తున్నారు, మింగినా కడుపులో దిగకుండా దవడ మూలలో తగులుకునే గుండ్రటి గేలాలు వాడుతున్నారు. మంచిదే. ఫొటో కోసం పడవలోకి ఎత్తి ఒళ్లో పెట్టుకునేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, ఊపిరాడక కొట్టుకుంటున్న చేపని పట్టుకుని ఆ నవ్వేంటి?

ఈ మాట అనే హక్కు నాకు అంతగా లేదనుకోండి, పోయినేడు నేనూ డబ్బులు కట్టి ఇక్కణ్నుంచే ఒక వేట పడవ ఎక్కాను. రెండు గంటలు వాంతులు. మూడో గంటలో ఉన్నట్టుండి రీలు గిర్రున తిరిగింది, ఆ చప్పుడుకి గుండె ఆగినంత పనైంది, ఇది నూట పదే, నూట పదికి తక్కువుండదు అని ప్రమాణం చేసి చెప్పేవాణ్ని. చేతులు పీక్కుపోయేలా లాగితే వచ్చింది మూరెడు తూర చేప (ట్యూనా).