పసుపు కార్డులు తేల్చిన గ్రూప్

మారతహళ్లిలో మా తెలుగు బ్యాచ్‌కి ఎప్పుడూ ఇదే గొడవ, ఫుట్‌బాల్ గ్రూప్‌లో రెండు జట్ల పాయింట్లు సమానమైతే ముందు గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) చూడాలా, లేక ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్ చూడాలా అని. నా ఓటు ముఖాముఖికే, యూరో కప్‌లో అదే పద్ధతి.

కానీ 2018 వరల్డ్ కప్‌లో జపాన్, సెనెగల్ విషయంలో ఏదీ తెగలేదు: చెరో 4 పాయింట్లు, చెరో 4 గోల్స్ కొట్టి 4 ఇచ్చారు, ముఖాముఖి 2-2. చివరికి తప్పు ఆటకి రెఫరీ హెచ్చరికగా చూపే పసుపు కార్డులు లెక్కపెట్టారు, జపాన్‌కి 4, సెనెగల్‌కి 6, అలా తక్కువున్న జపాన్ తర్వాతి రౌండ్‌కి వెళ్లింది. పోలండ్ చేతిలో 0-1తో ఓడిపోతూ కూడా జపాన్ వాళ్లు ఆఖరి పది నిమిషాలు వెనకాలే బంతి అటూ ఇటూ తోసుకుంటూ నిలబడ్డారు, ఎందుకంటే ఇంకో కార్డు పడకుండా, అటు కొలంబియా మీద సెనెగల్ గోల్ కొట్టకుండా ఉంటే చాలు. స్టేడియమంతా ఒకటే ఈలలు. లాటరీ తీయడం కన్నా ఇది మేలే, అయినా సెనెగల్‌ని తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.