పోస్టర్ల చుట్టతో ప్రొద్దుటూరు దారిన

కడప బస్టాండులో పొద్దున ఐదున్నరకే పల్లెవెలుగు బస్సెక్కాం. నా భుజాన రెండు వందల పోస్టర్ల చుట్ట, కాళ్ళ దగ్గర మైదా బంక డబ్బా. మా బృందంలో అందరికంటే చిన్నవాడు నాకు తోడొచ్చాడు. నాణేల ఆల్బమ్‌ని బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కడపలో మేము కొద్దిమందిమి పాత నాణేలు, నోట్లు, తపాలా బిళ్ళలు దాచుకుంటాం. ఏటా ఒక శని, ఆదివారం చిన్న కల్యాణమండపం తీసుకుని బల్లల మీద పరిచి చూపిస్తాం. పోయినేడు వచ్చినవాళ్ళలో చాలామంది మా బంధువులే. రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన బయట చెప్పుల దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆయన ఎందుకు వెళ్ళిపోయాడన్నది ఏడాదంతా నన్ను వేధించింది. ఈసారి ఏడు రోడ్ల కూడలిలో పోస్టరు అంటించి ఊరుకోకూడదు, ఊళ్ళకే పోయి మనుషులతో మాట్లాడాలి అనుకున్నాం.

కమలాపురం దాటి ఎర్రగుంట్ల చేరేసరికి తెల్లగా తెల్లారింది. రోడ్డుకు రెండు వైపులా నాపరాయి బండలు నిలబెట్టి ఉన్నాయి. టీ కొట్ల దగ్గర నాలుగు పోస్టర్లు అంటించాం. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపే ఒక దాని మీద సినిమా పోస్టరు పడింది. ఇక్కడికి దగ్గర్లోనే కలమళ్ళ. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు క్రీ.శ. 575లో వేయించిన తొలి తెలుగు శాసనం ఆ ఊరిదే. అప్పటిదాకా సంస్కృతంలోనో ప్రాకృతంలోనో ఉన్న రాజుగారి మాట, ఊరివాళ్ళ మాటలోకి వచ్చింది అక్కడే. మా పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ఉన్న ‘నాణక శాస్త్ర, ఫిలాటెలీ ప్రదర్శన’ అన్న మాటను బస్సు కదిలాక మళ్ళీ చదివాను. అది ఎవరి మాట?

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలోనే ఎక్కువసేపు గడిచింది. ముందు ఎర్రకారం దోశ తిని, తెలిసినవాళ్ళ ద్వారా ఒక ముసలి కంసాలి దగ్గరికి వెళ్ళాం. ఆయన అద్దాలు ముక్కు మీదికి దించి పోస్టరు మొత్తం చదివి, గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

“ఏమప్పా, పద్నాలుగు శనివారం అని ఏసినారే? పద్నాలుగు ఆదివారం గదా?”

గుండె జారిపోయింది. మేం రాసిచ్చిన కాగితంలో 13, 14 అనే ఉంది. అచ్చులో 14, 15 అయింది. ప్రెస్సులో జరిగిన తప్పే అయినా, చూసుకోకుండా తీసుకున్నది మేము. కంసాలి తన అరుగు మీదే చోటిచ్చాడు. ఎర్ర మార్కరు కొనుక్కొచ్చి ఇద్దరం మిగిలిన పోస్టర్లన్నీ దిద్దుతూ కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది.

ఆ రెండు గంటల్లో మా చుట్టూ జనం చేరారు. గోడకు అంటించి వెళ్ళిపోయి ఉంటే వీళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడేవాళ్ళం కాదు. మొదటి ప్రశ్న ఒక కుర్రాడిది: “అన్నా, ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తారంట గదా?” ఇంకొకాయన గొంతు తగ్గించి అడిగాడు: “గుప్తనిధులోళ్ళా మీరు?”

కడపలో మండపం బయట చెప్పుల దగ్గర నిలబడి వెళ్ళిపోయిన పెద్దాయన మనసులో ఏముందో నాకు అప్పుడు అర్థమైనట్టనిపించింది. మా సీమలో పాత నాణెం అనగానే రెండు తలపుకొస్తాయి. ఒకటి రాత్రిపూట గుళ్ళలో, కోటల్లో తవ్వే ముఠాలు. రెండోది ఫోన్లలో తిరిగే మోసం. పాత నోటు ఫొటో పంపండి, లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటారు. తన పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే జనాన్ని హెచ్చరించింది. ఇంట్లో అవ్వ ముంతలోని పైసలు తెస్తే ఎవరైనా లాక్కుంటారేమో, పోలీసు కేసవుతుందేమో అన్న భయం ఉన్నవాళ్ళకు మా రంగుల పోస్టరు ఏం చెబుతుంది?

నాకు తెలిసినంత విడమర్చి చెప్పాను. భూమిలో దొరికిన నిధి సంగతి వేరు. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. నూరేళ్ళు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించడానికి లేదని 1972 చట్టం చెబుతుంది. మీ ముంతలోని అణాలు, బేడలు, పావలాలు మీవి. ట్రాక్టర్ నోటు మాత్రం లక్షలు చేయదు నాయనా అన్నాను. ఆ కుర్రాడి ముఖం చిన్నబోయింది. నాకు తోడొచ్చిన తమ్ముడు నా చెవిలో, “అన్నా, ‘మీ పాత నోటు విలువ ఎంతో తెలుసుకోండి’ అని రాస్తే మండపం పట్టదు” అన్నాడు. నిజమే, పట్టదు. అయినా లక్షల ఆశతో బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపితే ఆ ఊళ్ళో మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని అడుగుపెడతాం? వద్దన్నాను.

అప్పుడే పక్కింటి ఆమె ఒక దండ తెచ్చింది. పసుపు రంగు ఇరవై పైసల నాణేలు, నడుమ కమలం. 1968 నుంచి 1971 దాకా వేసినవి. కమలం ఉంది కాబట్టి లక్ష్మీపూజకు దండగా గుచ్చినవాళ్ళు చాలా ఇళ్ళల్లో ఉన్నారు, వీటిలో బంగారం కలిసిందన్న మాట కూడా ఇంటింటా ఉంది. “ఇంత బంగారం ఉందంట, నిజమేనా?” అని ఆమె చిటికెన వేలి గోరు చూపించింది. నేను నోరు తెరిచేలోపే కంసాలి దండ అందుకుని, ఒక నాణెం అంచును నల్లటి గీటురాయి మీద లాగాడు. పచ్చటి గీత పడింది. సీసాలోంచి ద్రావకం చుక్క తీసి దాని మీద పెట్టాడు. గీత సన్నగా నురగ కట్టి, మా కళ్ళ ముందే మాయమైంది. పక్కనే తన వేలి ఉంగరంతో ఇంకో గీత గీసి చుక్క వేశాడు. అది చెక్కుచెదరలేదు.

“రాగి తల్లీ. రాగిలో వేరే లోహం కలిపింది,” అన్నాడు.

ఆమె కాసేపు ఆ రాయినే చూసింది. తర్వాత దండను కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది. “మా అత్త గుచ్చింది ఇది. తెచ్చి చూపిస్తే మీ పక్కన పెడతారా?” అంది. పెడతాం, మీ అత్తగారి పేరుతోనే పెడతాం అన్నాను. ఆ మాటతో అరుగు కింది నలుగురూ ముందుకు జరిగారు. మిగిలిన పోస్టర్ల మీద తేదీ దిద్దుతూ, కింద ఎర్ర సిరాతో ఇంకో రెండు పంక్తులు కలుపుతూ పోయాం: ‘మీ ఇంటి పాత పైసలు తెండి. కొనం, అమ్మం. మీ వస్తువు మీ చేతిలోనే ఉంటుంది.’

జమ్మలమడుగులో ఒక బడిలో మధ్యాహ్నం పది నిమిషాలు మాట్లాడనిచ్చారు. స్టాంపు చూపించి ఇదేమిటంటే సగం మందికి తెలియలేదు. స్వతంత్ర భారతం తొలి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చిందని, జెండా బొమ్మతో మూడున్నర అణాలదని చెప్పాను. పిల్లలు తలలూపారు గానీ కళ్ళల్లో వెలుగు లేదు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు స్టాంపుల సేకరణ మీద తపాలా శాఖ ఏడాదికి ఆరు వేల రూపాయల స్పర్శ్ స్కాలర్‌షిప్పు 2017లో పెట్టిందని చెబితే టీచర్లు రాసుకున్నారు. పిల్లలను లేపింది మాత్రం చిల్లికాణీ. జేబులోంచి తీసి మొదటి బెంచీకి ఇచ్చి, చేతులు మారుతూ పోనిమ్మన్నాను. ఒకడు చిల్లిలోంచి కన్ను పెట్టి నన్ను చూశాడు, ఇంకొకడు పెన్సిలుకు తొడిగాడు. బొక్క ఎందుకు సార్ అని నలుగురు ఒకేసారి అడిగారు. 1943, యుద్ధకాలం, లోహానికి కరువు, నడుమ తీసేస్తే అంత మిగులు. చివరి బెంచీ నుంచి నాణెం తిరిగొచ్చేసరికి వెచ్చగా ఉంది. ఒక పాప లేచి, “మా అవ్వ కాడ మొలతాడుకు కట్టింది ఉండాది సార్,” అంది. ఆ పాపకు పోస్టరు మడిచి ఇచ్చాను.

సాయంత్రం గండికోటకు పోయాం. పెన్నా లోయ అంచున బెంగళూరు నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఫొటోలు దిగుతున్నారు. కోట గోడకు బంక పూయడానికి చేతులు రాలేదు. బయట సోడా బండి ఆయన మూడు పోస్టర్లు తీసుకున్నాడు. అంతే.

తిరుగు బస్సులో ఎర్రగుంట్ల దాటాక ఫోను మోగింది. జమ్మలమడుగు పాప వాళ్ళ నాయన.

“సార్, మా అమ్మ వస్తానంటాంది. మొలతాడు తెగ్గొట్టి ఇయ్యమంటే ఇయ్యదు, తనే తెస్తాదంట. మోకాళ్ళ నొప్పులు, నిలబడలేదు. కూర్చోడానికి ఏమన్నా ఉంటాదా?”

ఉంటుందన్నాను. తమ్ముడి దగ్గర పెన్ను తీసుకుని, చేతిలో మిగిలిన ఆఖరి పోస్టరు వెనక రాసుకున్నాను: వాకిలి పక్కన, ఫ్యాను కింద, చేతులున్న కుర్చీలు నాలుగు.