దూది అక్షరాలు

మా నాన్న పందిళ్ల మేస్త్రి. విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర మాసం ఉత్సవాలు వచ్చాయంటే మా వీధి మొగలో స్వాగత ద్వారం ఆయనే కట్టేవాడు. రెండు పక్కలా సర్వి కర్రలు, పైన వెదురు చట్రం, దానికి ఎర్ర గుడ్డ, గుడ్డ మీద దూదితో అతికించిన ‘సుస్వాగతం’. మైదా జిగురు ఉడకబెట్టడం అమ్మ పని. దూదిని చిన్న చిన్న ఉండలు చేసి అందించడం నాదీ చెల్లిదీ. ‘స్వా’ దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని జరగమనేవాడు. ఆ వత్తు వంపు ఆయన చేత్తోనే తిరగాలి.

తర్వాత నేను ఓడల్లో ఫిట్టర్‌గా చేరాను. 2013 మే నెలలో మా ఓడ హాంకాంగ్‌లో కొన్ని రోజులు ఆగింది. తిన్ హౌ పండుగని చెబితే రైలెక్కి యువెన్ లాంగ్ వెళ్లాను. తిన్ హౌ అంటే అక్కడి జాలర్లు, ఓడ మనుషులు కొలిచే సముద్రపు తల్లి. వాళ్ల పంచాంగంలో 3వ నెల 23వ రోజు ఆమె పుట్టినరోజు.

అక్కడ చూశాను ‘ఫా పాయ్’ని. పూల పలక అని అర్థం. ఒకప్పుడు నిజం పూలతోనే చేసేవారట, ఇప్పుడు రంగు కాగితం, తళుకు రేకులు. పక్కల డ్రాగన్లు చుట్టుకున్న స్తంభాలు, నెత్తిన నెమలి, నడుమ మనిషంత అక్షరాలు. పెళ్లికైనా, కొట్టు ప్రారంభానికైనా, అమ్మవారి పండుగకైనా ఇదే కడతారు. పాత పద్ధతిలో ఆ అక్షరాల్ని దూదితో చేసేవారని తెలిసినప్పుడు నాకు నోట మాట రాలేదు. మా ఇంటి పెరట్లో పని అది!

సెలవుకి ఇంటికొచ్చి నాన్నకి ఫోటోలు చూపించాను. నెమలిని ఆయన పట్టించుకోలేదు. ఫోటోలో పలక వెనక వైపు ఉన్న వెదురు కట్టుని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. “ఇదేట్రా, మేకు లేకుండానే కట్టీసేరు” అన్నాడు. ముందు రోజుల్లో వెదురు నారతో కట్టేవారు, ఇప్పుడు నైలాన్ పట్టీలతో కడుతున్నారని చెప్పాను. “ముడి మనదే” అన్నాడు.

చైనాలో రాతి ద్వారాలూ ఉన్నాయి. బీజింగ్ దగ్గర మింగ్ చక్రవర్తుల సమాధుల దారిలో 1540లో కట్టిన ద్వారం ఇప్పటికీ నిలబడి ఉంది. అన్‌హుయ్‌లోని తాంగ్యుయే ఊరి ముందు వరసగా ఏడున్నాయి, పెద్దల విధేయతకీ దానధర్మాలకీ గుర్తుగా. గొప్పవే. కానీ నా మనసు వెదురు వాటి దగ్గరే ఆగిపోతుంది. పండుగయ్యాక విప్పి, ముక్కలు దాచి, అక్షరాలు మార్చి ఇంకో వీధిలో నిలబెడతారు. నాన్న చేసిందీ అదే. చట్రాలన్నీ రేకుల షెడ్డులో ఏడాదంతా ఉండేవి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఆ షెడ్డుని ఎత్తుకుపోయింది. చట్రాలు, పెట్టెలో దాచిన పాత అక్షరాలు, ఏవీ మిగల్లేదు. ఆ మార్గశిరానికి వీధిలో ఫ్లెక్సీ కట్టారు. తర్వాత ప్రతి ఏడూ అదే. ఫ్లెక్సీలో నాయకుల మొహాలు బాగానే పడతాయి. అమ్మవారి కోసం నాలుగు రాత్రులు మేలుకున్న చెయ్యి మాత్రం అందులో కనబడదు.

ఈసారి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. పూర్ణా మార్కెట్‌లో ఎర్ర గుడ్డ, దూది కొనేశాను. నాన్న చెయ్యి వణుకుతోంది, అయినా సుద్దముక్కతో అక్షరాలు గీసి ఇచ్చాడు. మా అమ్మాయి ఉండలు చేస్తోంది. పదిహేనడుగుల సర్వి కర్రలు నాలుగు ఇంకా దొరకలేదు. వన్‌టౌన్ చుట్టుపక్కల అద్దెకిచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మార్గశిరం మొదటి గురువారం లోపు కావాలి.