సీ3 బాగుంది, సీహెచ్50 సున్నా

మంగళవారం, సాయంత్రం.

ఇవాళ్టి బ్యాచ్‌లో ఒక శాంపిల్ వింతగా వచ్చింది. సీ3, సీ4 అంటే రక్తంలో సూక్ష్మజీవులతో పోరాడే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల జట్టులోవి. డెసిలీటరుకు సీ3 112, సీ4 24 మిల్లీగ్రాములు. రెండూ మామూలే. ఆ జట్టు పనితీరు చూసే సీహెచ్50 పరీక్ష మాత్రం సున్నా.

సీ3, సీ4 కొలిచే యంత్రం యాంటీబాడీతో ప్రోటీన్‌ను పట్టుకుని ఎంత ఉందో చెబుతుంది, అంతే. అది పనిచేస్తుందో లేదో దానికి పట్టదు. సీహెచ్50కి సీ1 నుంచి సీ9 దాకా అందరూ వరసగా పనిచెయ్యాలి. యాంటీబాడీ పూసిన గొర్రె ఎర్రకణాలకు సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పూలగుత్తిలాంటి సీ1క్యూ ఆరు తలల్లో కొన్నయినా యాంటీబాడీల మీద ఆనితే కథ మొదలవుతుంది. సీ4, సీ2 తెగుతాయి, ఆ ముక్కలు కలిసి సీ3ని కోస్తాయి. సీ3 పొట్టలో దాగిన థయోఎస్టర్ బంధం అప్పుడే బయటపడుతుంది. పక్కనున్న కణానికి వెంటనే అతుక్కుందా సరే, లేదంటే నీటితో కలిసి వృథా. చివర్లో 18 దాకా సీ9లు వలయం కట్టి, సుమారు 10 నానోమీటర్ల రంధ్రం చేస్తాయి. నీళ్లు లోపలికి పోయి కణం పగులుతుంది.

బాగున్నదని ముందే తెలిసిన కంట్రోల్ సీరం ట్యూబులో మసక ఎరుపు పోయి, ద్రాక్షరసంలా తేటపడింది. అంటే గొర్రె కణాల తప్పు కాదు. ఈ శాంపిల్ ట్యూబును తిప్పితే అడుగున ఎర్రటి బొత్తాం, పైన రంగులేని ద్రవం. అంటే కణాలు పగల్లేదు.

ఇలాంటప్పుడు రోగికంటే ముందు ట్యూబునే అనుమానించాలి. ఊదా మూత ట్యూబైతే అందులోని ఈడీటీఏ అనే రసాయనం కాంప్లిమెంట్‌కు కావలసిన కాల్షియం, మెగ్నీషియం లాగేస్తుంది, సున్నా రాక తప్పదు. ఇది ఎర్ర మూతే. కానీ పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నం దాకా బల్లమీదే ఉందట. గది వేడికి కాంప్లిమెంట్ చచ్చిపోతుంది, సీ3, సీ4 కొలిచే యంత్రానికి కావలసిన ఆకారం మాత్రం మిగులుతుంది. గంటలోపు రక్తం గడ్డ కట్టాక సీరం వేరుచేసి, రెండు గంటల్లోపే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. మైనస్ 20 చాలదు. కరిగించాక మళ్లీ ఫ్రీజ్ చెయ్యకూడదు.

కొత్త శాంపిల్ డ్రై ఐస్‌లో పంపమన్నాం. అప్పుడూ సున్నా వస్తే కుందేలు కణాలతో ఏహెచ్50 చెయ్యాలి, అది యాంటీబాడీ అక్కర్లేని రెండో దారిని చూసే పరీక్ష. అదీ సున్నా అయితే లోపం సీ5 నుంచి సీ9 దాకా ఉన్నవాటిలో ఉండొచ్చు. అలాంటివాళ్లకు మెనింగోకాకస్ అనే మెదడువాపు బ్యాక్టీరియా పదేపదే సోకవచ్చు. ఏహెచ్50 బాగుంటే ముందు సీ2ని చూడాలి. ఎక్యులిజుమాబ్ అనే మందు తీసుకుంటున్నా సీ5 కట్టుబడి సీహెచ్50 ఇలాగే సున్నా రావొచ్చు. ఫారంలో మందుల గడి ఖాళీగా ఉంది. వార్డుకు ఫోన్ చేసి అదీ అడగాలి.