రాత్రి రెండింటి డోసు

పది, రెండు, ఆరు. మా న్యూరో ఐసీయూ నైట్ షిఫ్టులో ఈ మూడు వేళలూ అలారం లేకుండానే నాకు తెలిసిపోతాయి. నిమోడిపిన్ అనే మందు ఇచ్చే వేళలవి. అన్యూరిజమ్, అంటే రక్తనాళం గోడలో ఉబ్బిన చోటు, పగిలి మెదడు చుట్టూ రక్తస్రావం అయినవాళ్లకి నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాములు, 21 రోజుల పాటు. మొత్తం 126 డోసులు. ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది నేను నేర్చుకున్న పనిలో సగం ఈ డోసుల దగ్గరే నేర్చుకున్నాను.

అప్పట్లో నా భయమంతా భాష గురించే. గంటకోసారి పేషెంటుని లేపి పేరేంటి, ఎక్కడున్నారు, ఇది ఏ నెల అని అడగాలి. జవాబు ఆలస్యమైతే గుండె ఝల్లుమనేది. నా ఉచ్చారణ అర్థం కాలేదా, మెదడుకి రక్తం అందట్లేదా? పగిలిన చోటు కాయిల్‌తోనో క్లిప్‌తోనో మూసేయగానే గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మాకు అసలు కాపలా అప్పుడే మొదలవుతుంది. సుమారు నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా మెదడు రక్తనాళాలు ముడుచుకుపోవచ్చు, కొత్తగా స్ట్రోక్ రావచ్చు. ఆ నష్టాన్ని తగ్గించడానికే నిమోడిపిన్. స్ట్రోక్ మొదట చాలా చిన్న మార్పుగానే కనిపిస్తుంది. ఒక మాట తడబడుతుంది, అంతే. అందుకే నేను మాటలనే నమ్ముకోవడం మానేశాను. రెండు చేతులూ చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకుని చేసి చూపించేదాన్ని. వాళ్లూ అలాగే చేసేవారు. బలహీనపడిన చెయ్యి మెల్లగా లోపలికి తిరిగి కిందికి జారుతుంది. దానికి ఏ భాషా అక్కర్లేదు.

ఆ రోజుల్లో మాకు క్యాప్సూల్సే ఉండేవి. మింగలేనివాళ్లకి రెండు క్యాప్సూల్స్‌కీ 18 గేజ్ సూదితో అటూ ఇటూ కన్నం పెట్టి, లోపలి పసుప్పచ్చ చిక్కటి ద్రవాన్ని సిరంజితో లాగాలి. దాన్ని నోటి మందుల సిరంజిలోకి మార్చి, లేబుల్ అంటించి, ముక్కు గొట్టంలో వేసి, 30 మిల్లీలీటర్ల సెలైన్‌తో కడగాలి. ఆ లేబుల్ ఊరికే పెట్టింది కాదు. ఈ ద్రవాన్ని పొరపాటున నరంలోకి ఎక్కించడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఇంత చేసినా సిరంజి గోడకి కొంచెం అంటుకునే ఉంటుంది. చార్టులో మాత్రం 60 అనే రాస్తాం.

కడుపులోకి వెళ్లిందంతా రక్తంలోకి చేరదు. నోటి ద్వారా ఇచ్చిన నిమోడిపిన్‌లో రక్తానికి అందేది సుమారు 13 శాతమే. మిగతాది చాలావరకు కాలేయమే విరిచేస్తుంది. అందింది కూడా గంట, రెండు గంటల్లో తగ్గిపోతుంది కాబట్టే నాలుగు గంటలకోసారి ఇస్తాం.

ఒకావిడ, వయసు మా అమ్మంత. మొదటి రోజే ఫిట్స్ వచ్చాయని ఫెనిటాయిన్ మొదలుపెట్టారు. దానికి రక్తంలో లెవెల్ రిపోర్టు వచ్చేది, అంకె బాగానే ఉందని అందరూ తృప్తిపడేవారు. నిమోడిపిన్‌కి మా దగ్గర అలాంటి రిపోర్టు లేదు. ఆ రోజుల్లో నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేక ప్రతి మందు కాగితాన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివేదాన్ని. ఫెనిటాయిన్ లాంటి ఫిట్స్ మందులు కాలేయాన్ని ఉరకలెత్తిస్తాయని, వాటితో ఇస్తే నిమోడిపిన్ రక్తంలోకి ఏడో వంతే చేరినట్టు తేలిందని అలాగే చదివాను. రాత్రి రెండింటికి సిరంజి చేతిలో పట్టుకుని, నేనిస్తున్నది ఈవిడకి ఎంత అందుతోందని ఆగిపోయాను.

పెద్ద డాక్టర్‌తో చెప్పడానికి నోరు రాలేదు. కొత్తదాన్ని, పరాయిదాన్ని, పైగా తప్పయితే? పొద్దున్నే ఫార్మసిస్ట్‌ని పట్టుకుని కాగితం చూపించాను. ఆయన రౌండ్స్‌లో అందరి ముందూ "ఇది నర్సు అడిగిన ప్రశ్న" అని చెప్పి మరీ ఎత్తారు. ఫెనిటాయిన్ ఆపి లెవెటిరాసెటామ్ అనే వేరే ఫిట్స్ మందుకి మార్చారు. కానీ కాలేయంలో దాని ప్రభావం ఒక్క రోజులో పోదు.

ఎనిమిదో రోజు రాత్రి ఆవిడ కుడి అరచెయ్యి లోపలికి తిరిగింది. ఫోన్ చేశాను. బీపీ పెంచారు, యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్లి రక్తనాళంలోకే మందు ఎక్కించారు. ఫెనిటాయిన్ వల్లే ఇలా అయిందని నేను అనను, మందు పూర్తిగా అందినవాళ్లకీ అవుతుంది. 1989లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌లో 554 మంది ఉన్నారు. మందు లేనివాళ్లలో 33 శాతం మందికి మెదడులో కొంత భాగం దెబ్బతింటే, నిమోడిపిన్ తీసుకున్నవాళ్లలో 22 శాతానికి తగ్గింది. తగ్గింది, సున్నా కాలేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే. ఈ మందు బీపీని దించుతుంది. మొదట్లో బీపీ పడితే డోసు ఆపేసి, ఆపామని చార్టులో రాసి ఊరుకునేదాన్ని. అడిగి ఉంటే రెండు గంటలకోసారి 30 చొప్పున విడగొట్టి ఇవ్వమనేవారు. అలా ఎందరికి ఎన్ని డోసులు పోయాయో లెక్క లేదు. ఇప్పుడు ఎంత రాత్రయినా ఫోన్ చేస్తాను.

ఆవిడ కోలుకోవడం నెమ్మదిగా సాగింది. చెంచా పట్టు జారేది, తెలిసిన వస్తువు పేరు గుర్తురాక కళ్లనీళ్లు పెట్టుకునేది, పావుగంట కూర్చుంటే అలసిపోయేది. 21వ రోజు ఆఖరి డోసు ఇస్తూ ఎప్పటిలాగే ఇది ఏ నెల అని అడిగాను. "ఫిబ్రవరి" అంది. నేను సరేనని ఆ మాటే తిరిగి అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, మధ్యలో నేను మింగేసిన అక్షరాన్ని ఒత్తి పలుకుతూ మళ్లీ చెప్పింది. నేను సరిగ్గా పలికేదాకా నా చెయ్యి వదల్లేదు. కుడి చేత్తోనే పట్టుకుంది.