గోంగూర కలుపు మొక్కట!

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ ఉత్తరమే కళ్ల ముందు ఆడుతోంది. మా హెచ్‌ఓఏ వాళ్లది, అంటే మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. ఇంటి ముందు కంకరలో కలుపు పెరిగింది, 14 రోజుల్లో తీసేయాలిట. ఫోటో కూడా జతచేశారు, ఎర్ర సున్నా చుట్టి. ఆ సున్నాలో ఉన్నది గోంగూర! పోయినేడు పెరట్లో ఎండిన కాయలు దుమ్ము తుఫానుకి పగిలి గింజలు ముందుకి కొట్టుకొచ్చినట్టున్నాయి, బోగన్‌విలియాకి పెట్టిన డ్రిప్ గొట్టం పక్కన మూడు మొక్కలు జానెడు లేచాయి. కారు దిగకుండా ఫోటో తీసుకుని పోయారన్నమాట. పోయిన నెల చెత్తడబ్బా ఒక పూట ఎక్కువ బయట ఉందని ఒకటి, అంతకుముందు గుమ్మం రంగు గురించి ఇంకోటి. ఈయనేమో "పీకేస్తే పోలా" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆ కోపంలో మా ఊరు, అరిజోనాలోని చాండ్లర్ మొత్తాన్ని తిట్టుకున్నాను. ఏ వీధి చూసినా అదే మట్టిరంగు ఇల్లు, అదే కంకర, పాతదనేదే లేదు. 1980లో 30 వేల మంది కూడా లేరు, ఇంటెల్ వచ్చిందీ ఆ ఏడే. 2020 జనాభా లెక్కల్లో 2,75,987.

పాతది లేదనడం తప్పేలెండి. 2009 అక్టోబరులో నాన్న వచ్చినప్పుడు రోడ్డు పక్క పత్తిచేను కనబడగానే కారు ఆపించారు. కాయ ఒకటి తుంచి, వేళ్ల మధ్య దూది లాగి, "పింజ చూడవే, ఎంత పొడుగో" అన్నారు. ఎవరైనా వచ్చి అరుస్తారేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం మన సాగర్ కాలువ గట్టు మీదున్నట్టే నిలబడి నీళ్లు ఎక్కణ్ణుంచి, వంతులెలా, కౌలెంత అని ఒకటే ప్రశ్నలు. అక్కడి పిమా పత్తికి ఆ పేరు పక్కనే ఉండే పిమా అనే ఆదివాసీ జనం వల్లే వచ్చిందని చెబితే సంతోషపడ్డారు. తర్వాత రోడ్డవతల మోడల్ ఇళ్ల జెండాలు చూసి "ఇదీ ప్లాట్లేనా?" అన్నారు, ఇంటికొచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

పత్తి పోయి ఊరు పాడైందని చాలా రోజులు అనుకున్నాను. కానీ అసలు ఈ ఊరు పుట్టిందే ప్లాట్లుగా కదా! డాక్టర్ చాండ్లర్ 1887లో పశువుల డాక్టరుగా వచ్చి, కాలువ తవ్వించి, వేల ఎకరాలు కూడబెట్టి, 1912 మేలో ముక్కలు చేసి అమ్మకానికి పెట్టాడు. మన వెంచర్ల వాళ్లకి తాత. మరుసటేడే శాన్ మార్కోస్ అని హోటల్ కూడా తెరిచాడు. ఆడవాళ్ల టోపీల ఈకల కోసం నిప్పుకోళ్లను కూడా పెంచారిక్కడ, ఫ్యాషన్ మారేసరికి అవీ పోయాయి. 1989 నుంచి వాటి పేరు మీద తిరునాళ్లు మాత్రం చేస్తున్నారు, మా చిన్నది ఆ పక్షిని దగ్గరగా చూసి ఏడ్చిన ఏడుపు వీధంతా వినిపించింది.

ఈ ఎడారిలో పచ్చిక బదులు కంకర పరుచుకోమనడం కూడా తప్పేం కాదు, నిజానికి. గోంగూరని కలుపనడమే...

ఇందాక టార్చి పట్టుకుని వెళ్లి ఆకు దూసుకొచ్చాను, తేళ్ల భయంతో బూట్లేసుకుని మరీ. గుప్పెడు కూడా లేదు, రేపు పప్పులో వేస్తాను. మొక్కల్ని వేరుతో తీసి పెరట్లో నాటితే ఈ ఎండకి బతుకుతాయా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంకా 12 రోజులుంది.